ఎదురుచూపు ఎవరి అప్పు?

2025 ఏప్రిల్ 24, గురువారం రాత్రి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే చిన్న ఊరు. జనాభా లక్ష చిల్లర. ఆ వారం మూడు రోజుల్లో అక్కడి హాజరు 6 లక్షలని నిర్వాహకుల లెక్క. జనమంతా లాంబో ఫీల్డ్ అనే స్టేడియం పక్కన వేసిన వేదిక ముందు గుమిగూడారు. అక్కడ ఆట లేదు. పేర్లు చదవడం ఒక్కటే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని 32 జట్లు కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ అది. మన ఐపీఎల్ వేలంలో లాగా డబ్బు పాడుకోవడం ఉండదు. కిందటి ఏడు అందరికంటే అడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. అలా జట్లన్నీ ఒక చుట్టు ఎంచుకుంటే ఒక రౌండు. ఆ రాత్రి 23వ వంతు ఆ ఊరి సొంత జట్టు ప్యాకర్స్‌ది. జట్టు అధ్యక్షుడు మార్క్ మర్ఫీ వేదిక మీదికొచ్చి పేరు చదివాడు. టెక్సస్ యూనివర్సిటీ వైడ్ రిసీవర్, మాథ్యూ గోల్డెన్. ఊరు ఊరంతా ఒక్కసారిగా కేక పెట్టింది.

ఆ కేక వెనక చాలా ఏళ్లున్నాయి. మొదటి రౌండులో ప్యాకర్స్ ఒక వైడ్ రిసీవర్‌ను అంతకుముందు తీసుకున్నది 2002లో. అతని పేరు జావన్ వాకర్. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ అభిమానులు ఈసారైనా అనుకున్నారు. ప్రతిసారీ జట్టు ఇంకెవరినో తీసుకుంది. 23 ఏళ్లు అలా గడిచాయి. ఇక ఆ రాత్రి అక్కడికొచ్చిన కుర్రాడి వయసు 21. ఊరు ఎదురుచూడడం మొదలుపెట్టిన నాటికి అతను భూమ్మీద పడనేలేదు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పటి నుంచి నా మనసు వాటి దగ్గరే ఆగిపోయింది. మనిషి పుట్టకముందే మొదలైన ఎదురుచూపు అతని భుజాల మీద ఎలా పడుతుంది? ఆ ఏళ్లన్నిటికీ అతను ఏమైనా బాకీ ఉన్నాడా? ఇది ఒక ఆటకు సంబంధించిన ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ దీనికి మనం లోపల ఏం జవాబు చెప్పుకుంటామో దాన్నిబట్టే మన ఇంటికి వచ్చేవాళ్లతో, మన కడుపున పుట్టినవాళ్లతో, మన చేతికింద పనికి చేరేవాళ్లతో మనం ఎలా ఉంటామన్నది తేలుతుందని నాకనిపిస్తుంది.

ముందు ఆ కుర్రాడి పని ఏమిటో చెప్పాలి. అమెరికా ఫుట్‌బాల్ ఎక్కువగా చేతులతో ఆడే ఆట. వంద గజాల మైదానం. బంతితో అవతలి గోల్ గీత దాటితే టచ్‌డౌన్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ల చేతికి వెళ్తుంది. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. పరిగెడుతూ దాన్ని పట్టుకునేవాడు వైడ్ రిసీవర్. మిగతావాళ్లు మధ్యలో భుజాలు ఆనించుకుని నిలబడితే ఇతను మైదానం అంచు దగ్గర ఒంటరిగా నిలబడతాడు. ఎదురుగా ఇతన్ని ఆపడానికే ఒక మనిషి, డిఫెండర్, ఉంటాడు. బంతి కదలగానే ఆ మనిషి చెయ్యి వచ్చి రొమ్ము మీద పడుతుంది. దాన్ని తోసుకుని, ముందే అనుకున్న దారిలో పరిగెత్తి, అనుకున్న అడుగు దగ్గర ఠక్కున మళ్లాలి. చాలాసార్లు ఇతను తల తిప్పేసరికే బంతి సగం దూరం వచ్చేసి ఉంటుంది. ఇతను అక్కడికి చేరతాడన్న నమ్మకంతోనే అవతలివాడు విసిరాడు. వేళ్లు విచ్చుకోవడానికి ఉన్న వ్యవధి కనురెప్పపాటు. మధ్యలో కుస్తీ పట్టే ఆటగాడు తప్పు చేస్తే శిక్షకుడికి తెలుస్తుంది. రిసీవర్ చేతుల్లోంచి బంతి జారితే స్టేడియం చివరి వరసలో తండ్రి ఒళ్లో కూర్చున్న పిల్లకు కూడా తెలుస్తుంది. అంత బహిరంగంగా తప్పు చేయవలసిన పని అది.

ఆ ఊరికి రిసీవర్ల మీద మమకారం కొత్తది కాదు. 1935లో డాన్ హట్సన్ అనే సన్నటి కుర్రాడు అలబామా నుంచి అక్కడికొచ్చాడు. ఎవరు ఎవరిని ఎంచుకోవాలన్న పద్ధతి అప్పటికి లేదు. ఆటగాడికి నచ్చిన జట్టులో చేరడమే. 11 సీజన్లలో అతను పట్టిన 99 టచ్‌డౌన్‌ల రికార్డును దాటడానికి లీగ్‌కు 1989 దాకా పట్టింది. హట్సన్ వచ్చిన మరుసటి ఏడు, 1936 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మొట్టమొదటి డ్రాఫ్ట్ జరిగింది. అందులో అందరికంటే ముందు ఎంపికైనవాడు జే బర్వాంగర్. అతను ఆ లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడలేదు. జీతం దగ్గర కుదరక వేరే దారి చూసుకున్నాడు. మనం ఎంచుకున్నంత మాత్రాన ఎదుటి మనిషి మనవాడైపోడని ఆ పద్ధతి పుట్టినప్పుడే ఒక కుర్రాడు తేల్చేశాడు.

మంచి రిసీవర్లు కరువై గ్రీన్ బే ఈ 23 ఏళ్లూ ఏడ్చిందనుకుంటే పొరపాటు. గ్రెగ్ జెన్నింగ్స్, జోర్డీ నెల్సన్, రాండల్ కాబ్, దవాంటే ఆడమ్స్ అందరూ రెండో రౌండులో వచ్చినవాళ్లే. అంతకుముందు 1999లో 213వ వంతులో, ఏడో రౌండులో, డోనల్డ్ డ్రైవర్ వచ్చాడు. హ్యూస్టన్‌లో చిన్నతనంలో తలదాచుకోవడానికి ఇల్లు లేక సామాన్లు మోసే ట్రైలర్‌లో కుటుంబంతో రాత్రులు గడిపిన పిల్లవాడు. ఆ జట్టు చరిత్రలోనే ఎక్కువ గజాలు సంపాదించిన రిసీవర్ అయ్యాడు. కాబట్టి ఊరికి లేనిది మంచి ఆటగాడు కాదు. మొదటి రౌండులో, అందరి ముందు, తమ కోరిక తీరిందన్న తృప్తి లేదు. అవసరం తీరితే ఆగుతుంది. కోరిక అలా ఆగదు. అది ఏటేటా వడ్డీ కట్టుకుంటూ పోతుంది. 2020లో అందరూ రిసీవర్ కోసం చూస్తుంటే జట్టు జోర్డాన్ లవ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. జట్టు మీద కోపం ఆ కుర్రాడి మీద కూడా కొంత పడింది. అతను చేసిన నేరమల్లా, వేరొకరి కోసం తెరిచి ఉంచిన తలుపులోంచి లోపలికి రావడం. ఇప్పుడు గోల్డెన్‌కు బంతులు విసరవలసినవాడు అతనే.

పేరు చదివిన మర్నాటి నుంచి తూకం మొదలవుతుంది. నిజానికి తూకం అంతకు రెండు నెలల ముందే ఇండియానాపొలిస్‌లో మొదలవుతుంది. అక్కడ కుర్రాళ్ల ఎత్తు, బరువు, చేతి పొడవు కొలుస్తారు. అరచేయి విప్పించి బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా ఎంతుందో కూడా కొలిచి రాసుకుంటారు. 40 గజాలు పరిగెత్తిస్తారు. గోల్డెన్ 4.29 సెకన్లలో పరిగెత్తాడు, ఆ ఏడు వచ్చిన రిసీవర్లలో అదే అతి తక్కువ. ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. అభిమానులు ఇవన్నీ ముందేసుకుని కూర్చుంటారు. వేగం సరే, పొడుగుపాటి డిఫెండర్ మీద పడితే నిలబడతాడా? కాలేజీలో చివరి ఏడాది 987 గజాలు, 9 టచ్‌డౌన్‌లు, మరి వెయ్యి ఎందుకు దాటలేదు? అసలే జట్టులో వేగమంతా క్రిస్టియన్ వాట్సన్‌ది, అతనికి జనవరిలో మోకాలి లిగమెంట్ తెగింది, ఆ లోటు ఇతను తీరుస్తాడా? ఇంకో పదేళ్లు ఆడతాడా, మూడేళ్లలో కనుమరుగవుతాడా?

ఈ తూకం వేసేవాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. వాళ్ల ప్రేమ ఎంత నిజమైనదో ఆ జట్టు నిర్మాణమే చెబుతుంది. ప్యాకర్స్‌కు ఒక్క యజమాని అంటూ లేడు. 5 లక్షల మందికి పైగా వాటాదారులున్నారు. ఆ వాటా మీద లాభం పంచరు, దాన్ని లాభానికి అమ్ముకోవడానికీ లేదు. గోడకు తగిలించుకోవడానికి ఒక కాగితం వస్తుంది, అంతే. సీజన్ టికెట్ల కోసం వరసలో ఉన్న పేర్లు లక్ష దాటాయి, పిల్ల పుట్టగానే ఆ వరసలో పేరు రాయించే తల్లిదండ్రులున్నారు. ఇంత ఇష్టం ఉన్నచోట కళ్లు చూడకుండా ఉండవు, నాలుక మాట్లాడకుండా ఉండదు. ఒక మనిషి పనిని శ్రద్ధగా గమనించడం, దాని మంచిచెడ్డలు విడమరిచి చెప్పుకోవడం కూడా ప్రేమలో భాగమే. కొలత దగ్గర తప్పు లేదు. ఆ కొలత మనిషినంతా పట్టేసిందని అనుకోవడం దగ్గర తప్పు మొదలవుతుంది.

2025 జనవరి 1న అట్లాంటాలో జరిగిన పీచ్ బౌల్ అనే కాలేజీ ఆటే చూడండి. టెక్సస్, అరిజోనా స్టేట్ జట్ల స్కోర్లు సమమై ఆట అదనపు సమయంలోకి పోయింది. అరిజోనా స్టేట్ ముందంజలో ఉంది. టెక్సస్‌కు నాలుగో ప్రయత్నం, ఆఖరిది. పోవలసినవి 13 గజాలు. తప్పితే ఆ సీజన్ అక్కడితో సరి. బంతి గాల్లోకి లేచింది, గోల్డెన్ గోల్ గీత దగ్గర దాన్ని అందుకున్నాడు. 28 గజాల టచ్‌డౌన్. ఆట నిలిచింది, రెండో అదనపు సమయంలో టెక్సస్ గెలిచింది. ఆ క్షణంలో అతని లోపల ఏ నిబ్బరం పనిచేసిందో దాన్ని ఇండియానాపొలిస్‌లోని ఏ టేపూ కొలవలేదు. అలాగని ఆ ఒక్క క్షణంతో అతనేమిటో తెలిసిపోయిందనడానికీ లేదు. ఆ పట్టు ఆ రోజుది. రేపటి పట్టు రేపే పట్టాలి.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనం తరచూ అంటుంటాం. మనుషుల విషయంలో ఆ మాట ఎన్నిసార్లు నిజమైందో అన్నిసార్లు తప్పింది. ఆ క్రిస్టియన్ వాట్సన్ సంగతే తీసుకోండి. 2022 సెప్టెంబరులో మిన్నెసోటా జట్టుతో అతని మొదటి ఆట. జట్టు చేతికి బంతి వచ్చిన మొదటి ప్రయత్నంలోనే అప్పటి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ చాలా దూరం విసిరాడు. వాట్సన్ వెంట ఉన్న డిఫెండర్ వెనకబడిపోయాడు. ముందు ఖాళీ మైదానం. బంతి సరిగ్గా చేతుల్లోకి వచ్చి, చేతుల్లోంచి కింద పడింది. పెద్ద లీగ్‌లో అతని మొదటి ఆట, మొదటి ప్రయత్నం. ఆ రాత్రి చాలామంది అతని గురించి తీర్పు రాసేసుకున్నారు. అదే ఏడు నవంబరులో డాలస్ జట్టు లాంబో ఫీల్డ్‌కు వచ్చినప్పుడు అతను మూడు టచ్‌డౌన్‌లు పట్టాడు. ఆ రెండు రోజులకూ మధ్య రెండు నెలలే.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ జెర్రీ రైస్. మిసిసిపీలో ఇటుకల మేస్త్రి కొడుకు. వేసవిలో తండ్రికి సాయంగా పనిలోకి దిగి, అన్నదమ్ములు కింద నుంచి విసిరే ఇటుకల్ని పైన నిలబడి అందుకునేవాడు. 1985 డ్రాఫ్ట్‌లో శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని 16వ వంతులో తీసుకుంది. అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లు ఎంపికయ్యారు. తొలి ఏడాది అతని చేతుల్లోంచి బంతులు జారుతూ వచ్చాయి. సొంత జట్టు స్టేడియంలో సొంత జనమే వెటకారంగా అరిచారు. డిసెంబరులో రామ్స్ జట్టు మీద ఒక్క రాత్రిలో 241 గజాలు సాధించాడు. రిటైరయ్యే నాటికి 1,549 పట్లు, 22,895 గజాలు. ఇప్పటికీ ఆ అంకెలను దాటినవాడు లేడు.

మామూలుగా ఇలాంటి వ్యాసాలు ఇక్కడ ఆగుతాయి. తొందరపడకండి, ఓపిక పట్టండి, ఎవరికి తెలుసు, రేపు అతనే జెర్రీ రైస్ కావచ్చు అంటాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఈ సలహాలో ఒక మెలిక ఉంది. రేపు పెద్దవాడవుతాడు కాబట్టి ఇవాళ ఓర్చుకో అంటే, కాకపోతే ఓర్చుకోనక్కర్లేదనే కదా? అప్పుడు ఓపిక కూడా ఒక పెట్టుబడే. తూకం ఆగలేదు, రాళ్లు వేసే రోజు వాయిదా పడిందంతే. గెలిచినవాళ్ల కథలు మాత్రమే చెప్పి ఓపిక నేర్పితే, ఓడినవాళ్ల విషయంలో మనకు ఏమీ నేర్పనట్టే.

అందుకే చార్లెస్ రోజర్స్ గురించి చెప్పకుండా ఉండలేను. మిషిగన్ రాష్ట్రంలో పుట్టి, అక్కడే కాలేజీలో ఆడి, 2003లో సొంత రాష్ట్రపు జట్టు డెట్రాయిట్‌కే రెండో వంతులో ఎంపికైన రిసీవర్. మన పిల్లవాడు మన జట్టుకొచ్చాడని ఊళ్లు సంబరపడ్డాయి. మొదటి ఆటలోనే రెండు టచ్‌డౌన్‌లు పట్టాడు. అయిదు ఆటలయ్యాక ప్రాక్టీసులో మెడకింది ఎముక విరిగింది. మరుసటి ఏడు మొదటి ఆటలో, ఆట మొదలైన కాసేపటికే, అదే ఎముక మళ్లీ విరిగింది. ఆ తర్వాత మనిషి కుదుటపడలేదు. మత్తు పదార్థాల సస్పెన్షన్లు వచ్చాయి. మూడు సీజన్లలో 15 ఆటలతో అతని ఆట ముగిసింది. 2019లో, 38 ఏళ్ల వయసులో, కన్నుమూశాడు. అతని తర్వాతి వంతులో ఎంపికైన రిసీవర్ ఆండ్రే జాన్సన్ 2024లో ఆ ఆట మహామహులకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఎవరు లెక్కేసినా రోజర్స్ పేరు పొరపాటు ఎంపికల జాబితాలోకే వెళ్తుంది. కానీ ఎముక విరిగి పడి ఉన్న 22 ఏళ్ల కుర్రాడికి ఆ రోజు కావలసింది ఆ జాబితా కాదు. అతను తర్వాత గొప్పవాడవుతాడని ఎవరూ హామీ ఇవ్వలేకపోయినా, ఆ రోజు ఒక మంచి మాటకు అతను అర్హుడే. మనం పట్టే ఓపిక నిజమైనదో కాదో ఇలాంటి మనిషి దగ్గరే తేలుతుంది. తిరిగి ఏమీ రాదని తెలిశాక కూడా మిగిలేది ఎంతో, అంతే మన మంచితనం.

పోలిక ఇంకో బరువు. 2020లో కోవిడ్ వల్ల డ్రాఫ్ట్ ఎవరిళ్లలో వాళ్లుండి జరిపారు. ఫిలడెల్ఫియా 21వ వంతులో జేలెన్ రేగర్‌ను తీసుకుంది. మరుక్షణం 22వ వంతులో మిన్నెసోటా జస్టిన్ జెఫర్‌సన్‌ను తీసుకుంది. ఇద్దరూ రిసీవర్లే. జెఫర్‌సన్ తొలి ఏడాదే 1,400 గజాలు, 2022లో 1,809 గజాలు సాధించాడు. రేగర్ పట్టిన ప్రతి బంతినీ, జార్చిన ప్రతి బంతినీ జనం ఆ ఇంకొకడి పక్కన పెట్టి చూశారు. చివరికి 2022 ఆగస్టులో రేగర్‌ను మిన్నెసోటాకే ఇచ్చేశారు. పోలిక వెంటపడి అదే ఇంటికి చేర్చినట్టయింది. నాకిందులో బాధ కలిగించేది ఒక్కటే. రేగర్ తనను తాను 21వ వంతులో పెట్టుకోలేదు. ఆ నిర్ణయం ఏ గదిలోనో కూర్చున్న పెద్దవాళ్లది. వాళ్ల లెక్క తప్పితే దాని తాలూకు కోపం రోజూ మైదానంలోకి దిగే కుర్రాడు మోశాడు. ఎంచుకున్నవాడి తప్పుకు ఎంపికైనవాడు జవాబు చెప్పడం ఎంత అన్యాయమో మనకు ఆటలో తెలుస్తుంది. ఇళ్లలో, ఉద్యోగాల్లో అంత తొందరగా తెలియదు.

మన ఇళ్లలో నోముల పంట అని ఒక పిల్లో పిల్లవాడో ఉంటారు. పెళ్లైన చాలా ఏళ్లకు, ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన బిడ్డ. ఆ బిడ్డను ఎంత అపురూపంగా చూసుకుంటారో అందరికీ తెలుసు. కానీ పదో తరగతికి వచ్చేసరికి ఆ మొక్కులన్నీ ఆ బిడ్డ ముందు లెక్కకు వస్తాయి. నీ కోసం ఎన్ని గుళ్లు తిరిగామో తెలుసా, ఎంత కాలం కళ్లలో వత్తులేసుకుని చూశామో తెలుసా, ఈ మార్కులా నువ్వు తెచ్చేది? ఆ బిడ్డ ఏం చెప్పగలదు? ఆ గుళ్లు తిరిగినప్పుడు తను లేదు. తనను అడిగి ఎవరూ మొక్కుకోలేదు. ఎదురుచూసిన తల్లిదండ్రుల కష్టం నిజం, అందులో ఇసుమంత అబద్ధం లేదు. అయితే అది వాళ్ల జీవితం, వాళ్ల కోరిక, వాళ్ల పేరున రాసుకోవలసిన పద్దు. బిడ్డ పేరున రాస్తే అది ఎన్నటికీ తీరని అప్పవుతుంది, ఎందుకంటే పుట్టకముందటి ఏళ్లకు ఎవరూ బాకీ కట్టలేరు. గ్రీన్ బే కుర్రాడి 21 ఏళ్లకు, ఊరి 23 ఏళ్లకు మధ్య తేడా చూసినప్పుడు నాకు తట్టింది ఇదే.

ఎదురుచూపు అప్పుగా మారినప్పుడు చూపు కూడా పాడవుతుంది. ఇది స్టెర్లింగ్ షార్ప్ విషయంలో చూడొచ్చు. 1988లో ప్యాకర్స్ మొదటి రౌండులో తీసుకున్న రిసీవర్ అతను. తొలి ఏడాది ఒక్క టచ్‌డౌనే పట్టాడు. మరుసటి ఏడు 90 పట్లతో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. 1992లో 108, 1993లో 112. 1994లో 18 టచ్‌డౌన్‌లు. అప్పుడు మెడకు దెబ్బ తగిలింది. మళ్లీ ఆడలేదు. ఏడు సీజన్లతో అయిపోయింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు 2025లో, అంటే గోల్డెన్ వచ్చిన ఏడాదే దొరికింది. ఆ ఏడు సీజన్లలో ఎవరైనా ఇతను హట్సన్ అంతవాడవుతాడా కాడా అని లెక్క కట్టుకుంటూ కూర్చుని ఉంటే, ఆ లెక్క తేలేలోపే ఆట ముగిసిపోయింది. వాళ్లకు మిగిలింది తేలని లెక్క. ప్రతి ఆదివారం ఆ రోజు ఆటను ఆ రోజే కళ్లారా చూసుకున్నవాళ్లకు ఏడు సీజన్లూ నిండుగా దక్కాయి. మన మధ్య ఉన్న మనుషులు ఎంతకాలం ఉంటారో మనకు ముందుగా ఎవరూ చెప్పరు. వాళ్లు ఏమవుతారో తేలాక ప్రేమిద్దామని ఆగితే, తేలేసరికి వాళ్లు ఉండకపోవచ్చు.

ఆ ఊరిలోనే మంచి స్వాగతానికి ఒక పద్ధతి ఉంది. అరవై ఏళ్లు దాటిన అలవాటు. వేసవిలో ప్రాక్టీసు మొదలైన రోజుల్లో పిల్లలు తమ సైకిళ్లతో స్టేడియం గేటు దగ్గర వరసగా నిలబడతారు. ఆటగాళ్లు బయటికొచ్చి తలా ఒక పిల్లవాడి సైకిలు తీసుకుని రోడ్డవతలి మైదానానికి తొక్కుకుంటూ వెళ్తారు. ఆరడుగుల మనిషి, రెండున్నర అడుగుల సైకిలు, మోకాళ్లు ఎక్కడికో పోతుంటాయి. పక్కనే ఆ సైకిలు సొంతదారు ఆటగాడి హెల్మెట్‌ను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని పరిగెడుతూ ఉంటాడు. ఆ పిల్లవాడు తన సైకిలు ఇచ్చేముందు నువ్వు 40 గజాలు ఎంతలో పరిగెత్తావని అడగడు. ఎన్నో వంతులో వచ్చావని అడగడు. తన దగ్గరున్నది ఇస్తాడు, ఎదుటివాడు మోసేది కాస్త తను మోస్తాడు, ఆ కాస్త దూరం కలిసి వెళ్తాడు. కొత్తగా వచ్చిన మనిషికి మనం చేయవలసింది దాదాపు ఇంతే.

దాదాపు అంటున్నాను, ఎందుకంటే పెద్దవాళ్లం పిల్లలం కాలేం. మనకు అనుభవం ఉంది, దెబ్బలు తిన్న జ్ఞాపకం ఉంది, మంచిచెడ్డలు చెప్పవలసిన బాధ్యతా ఉంది. ఇంటికి కోడలో అల్లుడో వస్తే, ఆఫీసులో మన కింద ఒక కొత్త కుర్రాడు చేరితే, కూతురు మనకు అర్థం కాని చదువు ఎంచుకుంటే, ఏమీ ఆశించకుండా ఉండడం మనవల్ల కాదు, ఉండాలని అనడం కూడా నా ఉద్దేశం కాదు. ఆశ లేనిచోట ప్రేమ చప్పబడిపోతుంది. అయితే ఆశపడడం వేరు, వసూలు చేయడం వేరు. ఆశపడేవాడు ఎదుటి మనిషి వైపు చూస్తాడు. వసూలు చేసేవాడు తన పద్దు వైపు చూస్తాడు. బంతి జారితే జారిందనే చెప్పాలి, దాచడం మంచిది కాదు. జారిన బంతి గురించి చెబుతూ చెబుతూ మనిషి గురించి చెప్పేయడం దగ్గరే మనం గీత దాటుతాం. ఇవాళ పట్టలేకపోయాడు అనడానికి, ఇతను పట్టలేడు అనడానికి మధ్య చాలా దూరం ఉంది. మొదటి మాట విన్నవాడు రేపు మళ్లీ ప్రయత్నిస్తాడు. రెండో మాట విన్నవాడు మన కళ్లలోకి చూడడం మానేస్తాడు.

మాథ్యూ గోల్డెన్ ఎంతటివాడవుతాడన్న దాని మీద ఈ ఆలోచన నిలబడలేదు. రికార్డులు రాసినా, రెండు మూడేళ్లకే వేరే ఊరు వెళ్లిపోయినా, ఆ ఏప్రిల్ రాత్రి అతను అందుకున్న కేక తప్పు కాదు. కొత్తవాడు గడపలోకి వచ్చినప్పుడు సంతోషించడం మంచి ఊరి లక్షణం. ఆ సంతోషాన్ని తర్వాత రశీదుగా చూపించకపోవడం అంతకంటే మంచి లక్షణం.

మరి ఆ 23 ఏళ్ల ఎదురుచూపు వృథాయేనా అంటే కాదు. ఆ ఏప్రిళ్లలో తండ్రులు కొడుకులతో, అమ్మమ్మలు మనవరాళ్లతో కూర్చుని ఈసారి ఎవరొస్తారని వాదించుకున్నారు. నిరాశపడ్డారు, నిరాశలోనూ కలిసే ఉన్నారు, మరుసటి ఏడు మళ్లీ ఆశ పెట్టుకున్నారు. ఒక జట్టు మీద, ఒక ఊరి మీద, ఒకరి మీద ఒకరు ఇష్టాన్ని ఇన్నేళ్లు ఆరిపోకుండా నిలుపుకున్నారు. నోములు నోచిన తల్లిదండ్రులదీ అదే కథ. ఎదురుచూసిన రోజుల్లో వాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలబడ్డారు, తమకంటే పెద్దదైన ఒక కోరికను గౌరవంగా మోయడం నేర్చుకున్నారు. ఎదురుచూపు మనకు ఇవ్వవలసింది ఎదురుచూస్తున్నప్పుడే ఇచ్చేసింది. మన వంతు మనకు ముట్టింది. వచ్చినవాడి దగ్గర వసూలు చేసుకోవలసింది ఇంకేమీ లేదు.